అరువిచ్చిన మెడ

లాండ్రీ పైన గది
మార్చి 9

అన్నయ్యకి,

ఈ కబురు ఎవరెవరి నోటో వినేకంటే నా చేతిరాతలో చదివితే నీకు కాస్త తక్కువ కష్టంగా ఉంటుందని రాస్తున్నాను. నా మీద దొంగతనం కేసు పెట్టారు. చిల్లర దొంగతనం కాదట, పెద్ద సెక్షనట. రుజువైతే ఏళ్ళ తరబడి జైలేనని కోర్టువాళ్ళు నాకిచ్చిన ప్లీడరు గారు చెప్పారు. బెయిలు కూడా ఆయనే ఇప్పించారు. అమ్మగారి ఇంట్లో నా గదికి తాళం వేసేశారు. ఒక లాండ్రీ పైన గది తీసుకున్నాను. కింద ఇస్త్రీ పెట్టెల వేడికి నేల ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది.

జరిగింది చెబుతాను. అమ్మగారి గుడ్డకి సరిపోయే రంగు దారం కోసం బజారుకి వెళ్ళాను. బస్సు దిగుతూ జారిపడ్డాను. తల రోడ్డుకి తగిలి స్పృహ పోయింది. ఆస్పత్రిలో నర్సు జాకెట్టు బొత్తాలు విప్పితే మెడలో అమ్మగారి మూడుపేటల ముత్యాల హారం కనబడింది. నా చెప్పులు చూసి, ఆ హారం చూసి, వాళ్ళు పోలీసులకి ఫోన్ చేశారు.

అది నా మెడలో ఎందుకుందో నీక్కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఇంటి గుట్టు. అమ్మగారి ఒంటికి ముత్యాలు పడవు. వాడే మందుల వల్లో, చెమట వల్లో, ఆవిడ వేసుకున్నాక మసకబారి సున్నపు రాళ్ళలా అయిపోతాయి. పెట్టెలో దాస్తే ఎండిపోతాయి. మంచి ఒళ్ళున్న మనిషెవరైనా చర్మానికి ఆనించి వేసుకుంటే మెరుపు తిరిగొస్తుందని ముత్యాలు గుచ్చే ముసలాయన అమ్మగారికి చెప్పాడు. అప్పట్నుంచీ విందు ఎప్పుడున్నా ముందు కొన్నాళ్ళు హారం నా జాకెట్టు లోపల ఉంటుంది. ఆ రోజు సాయంత్రం మెత్తటి గుడ్డతో తుడిచి ఆవిడ మెడలో వేస్తాను. వచ్చినవాళ్ళు హారాన్ని పొగుడుతుంటే నేను తలుపు పక్కన నిలబడి, అది నా ఒంటి వేడి కదా అనుకుంటాను. నవ్వితే నవ్వుకో, నాకున్న గర్వం అదొక్కటే.

పోలీసులు ఇంటికి వెళ్ళేసరికి అమ్మగారు కొత్త వియ్యపురాలితో కూర్చుని ఉన్నారట. కిందటి విందులో ఆ హారాన్ని చేతిలోకి తీసుకుని బుగ్గకి ఆనించి చూసుకున్నది ఆ వియ్యపురాలే. ఆవిడ ముందు, ఇది మా పనిమనిషి రవికలో నాని వచ్చిన హారం అని ఎలా చెబుతారు? "నాదే. పోయినట్టు నాకు తెలియనే తెలియదు" అనేశారట. నోరు జారి అన్నమాట అది. ఒకటి రెండు రోజుల్లో దిద్దుకుంటారు. ఆవిడ చెడ్డవారు కాదు.

నువ్వు కోర్టులో పనిచేసినవాడివి. ఈలోగా నేనేం చెయ్యాలో రాయి.

నీ చెల్లెలు

మార్చి 16

చెల్లాయికి అన్నయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదివి మీ వదిన మంచమెక్కింది. నేను భోజనం మానేశాను. సాయంత్రానికి ఆకలేసి తిన్నాననుకో, అది వేరే సంగతి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కోర్టు గుమ్మంలో నిలబడి ముద్దాయిల్ని కేకేసిన గొంతు నాది. మన పిల్లని ఇంకో బంట్రోతు కేకేస్తాడని కలలో కూడా అనుకోలేదు.

నీ కథ మీ వదినకి చదివి వినిపించాను. ముత్యాలకి ఒళ్ళు కావాలా, ఇదెక్కడి చోద్యం అంది. జడ్జిగారూ అదే అంటారు. ముద్దాయిలు చెప్పే కథలు నేను విన్నన్ని జడ్జీలు కూడా వినలేదు. వాళ్ళకి కునుకు తీసే వీలుంది, నాకు లేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలన్నారు పెద్దలు. నువ్వు చెబుతున్నది నిజమే అయినా అతకడం లేదు. ముత్యాల కోసం నా మెడ అరువిచ్చానంటే ఆయన కళ్ళజోడు తీసి ఒక చూపు చూస్తారు. అంతటితో సరి.

కాబట్టి ఇలా చెప్పు. హారం దారం తెగేలా ఉంది. గుచ్చించడానికి ముసలాయన దగ్గరికి తీసుకెళుతున్నావు. సంచీలో పెడితే ఎవడైనా కొట్టేస్తాడని భయపడి మెడలో వేసుకున్నావు. విన్నవాళ్ళకి నోట్లో మాట ఉండదు.

ఇంకో మాట. ఇది నీకూ నాకూ మధ్యన. నాకు నిజం చెప్పినా పర్వాలేదు. అన్నాళ్ళు ఒకళ్ళ నగలు తుడిచి తుడిచి ఒక్కసారి ఆశ పుట్టి ఉంటుంది. మనిషన్నాక పుడుతుంది. నేను తప్పు పట్టను.

మా పాపాయి చదువైపోయింది. ఉద్యోగం లేదు, సంబంధం కుదరలేదు. పొద్దస్తమానం అద్దం ముందే ఉంటుంది. అచ్చం నీ పోలిక, నీ ఒంటి రంగే.

అన్నయ్య

లాండ్రీ పైన గది
మార్చి 24

అన్నయ్యకి,

నీ ఉత్తరం చింపబోయి ఆగాను. వెనకవైపు ఖాళీగా ఉంది, ప్లీడరు గారికి ఏదైనా రాసివ్వడానికి పనికొస్తుందని ఉంచాను.

నిజం చెప్పినా పర్వాలేదన్నావు. చెప్పాను కదా, అదే నిజం. అమ్ముకునేదాన్నే అయితే ఆ హారం మెడలో వేసుకుని దారపు రీళ్ళు కొనడానికి బస్సెక్కుతానా? దొంగతనం చెయ్యడానికి కాస్త తెలివి కావాలి. ఆ మాత్రం తెలివైనా నీ చెల్లెలికి ఉందనుకో.

నువ్వు అల్లిన కథ ప్లీడరు గారికి చెబితే ఆయన మొహం వెలిగిపోయింది. మీ అన్నయ్య నాకు జూనియరుగా వస్తారా అని అడిగారు. కానీ ఆ హారాన్ని ఈమధ్యే కొత్త దారంతో గుచ్చించాం. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడులు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. చంటిపిల్లాడు చూసినా తెలుస్తుంది. అసలు ముడుల సంగతి కాదు. నేనూ అబద్ధం మొదలుపెడితే ఆవిడ అబద్ధానికీ నా అబద్ధానికీ పోటీ అవుతుంది. అలాంటి పోటీలో సోఫాలో కూర్చున్నవాళ్ళే గెలుస్తారు.

నిన్న నాలుగు రోడ్ల దగ్గర అమ్మగారి కారు ఆగింది. అద్దం పక్కకి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ నా మొహం చూశారు, మెడ చూశారు, అటు తిరిగిపోయారు. కోపం లేదు అన్నయ్యా. సిగ్గు. ఆవిడ నోటి నుంచి ఒక్క మాట వస్తే ఈ కేసు గాలికి ఎగిరిపోతుంది. ఆ మాట ఎవరు అనిపిస్తారు?

పాపాయిని అద్దం ముందు నుంచి లేపి కుట్టుపని నేర్పించు.

నీ చెల్లెలు

మార్చి 31

చెల్లాయికి,

ఆ మాట ఎవరు అనిపిస్తారని రాశావు. పైకి అడగడానికి మొహమాటపడి అలా రాశావని వెంటనే గ్రహించాను. అన్నయ్యని నేనుండగా ఇంకెవరు అనిపిస్తారు? వచ్చేవారం అమ్మగారి ఇంటికి వెళుతున్నాను. పెద్దమనిషి తరహాలో నాలుగు మంచిమాటలు మాట్లాడి వస్తాను. పాపాయిని కూడా తీసుకెళతాను. ఆడపిల్ల పక్కన ఉంటే గుమ్మంలోంచి పంపెయ్యరు.

కోటు ఇస్త్రీకి ఇచ్చాను. బొత్తాలు మీ వదిన కుట్టింది, నీ అంత బాగా కాదు.

అన్నయ్య

లాండ్రీ పైన గది
ఏప్రిల్ 4

అన్నయ్యకి,

నువ్వు వెళ్ళొద్దు. ఈ ఉత్తరం నీకు సమయానికి అందాలని పోస్టాఫీసు దాకా పరుగెత్తుకెళ్ళి వేస్తున్నాను. నేను అడిగింది ప్లీడరు గారి గురించి. బోనులో నిలబెట్టి, ప్రశ్న మీద ప్రశ్న వేసి, ఆవిడ చేత అనిపించాలి. వాళ్ళింటికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడితే నేను చేశానని మనమే చెప్పినట్టు.

ఇక్కడ సాక్షుల పని బాగాలేదు. ఆ ఇంటి వంటామె నేను హారం వేసుకోవడం చాలాసార్లు చూసింది. ప్లీడరు గారు వెళ్ళి అడిగితే, ఎవరి జాకెట్టులో ఏముందో తొంగి చూసే అలవాటు నాకు లేదండీ అందట. ఆ మాట నాకు చెబుతూ ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ముత్యాలు గుచ్చే ముసలాయన ఇంకా నయం. "ముత్యాలకి ఒళ్ళు కావాలని అందరికీ చెబుతాను, ఎవరి ఒళ్ళని ఎవరినీ అడగను" అన్నాడట. అమ్మగారి వంటి పదిమంది ఇళ్ళే ఆయనకి ఆధారం. ఆయన భయం ఆయనది.

కాబట్టి మిగిలింది నా మాట ఒక్కటే. దాన్ని చెడగొట్టొద్దు.

నీ చెల్లెలు

ఏప్రిల్ 12

చెల్లాయికి,

నీ ఉత్తరం నేను తిరిగొచ్చాక అందింది. అందకపోవడమే మంచిదైంది.

అమ్మగారు దేవతమ్మా. సోఫాలో కూర్చోబెట్టారు. అంచున కూర్చున్నా లోపలికి దిగిపోయాను, లేవడానికి పాపాయి చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. కాఫీ ఇచ్చారు. నీ మీద ఒక్క చెడ్డమాట అనలేదు. మీ చెల్లెలు నాకు కుడిభుజం, ఆమె జైలుకి వెళితే నాకు మాత్రం నిద్ర పడుతుందా అని కళ్ళు ఒత్తుకున్నారు. హారం సంగతి నేను ఎత్తబోతే చెయ్యి ఊపి, అయిందేదో అయింది, ఇప్పుడు బయటపడే దారి చూద్దామన్నారు.

దారి ఇది. వాళ్ళ ప్లీడరు ఒక కాగితం రాయించారు. "అమ్మగారికి తెలియకుండా, ఆశపడి తీశాను. మన్నించండి." అంతే. నువ్వు సంతకం పెడితే ఆవిడ కోర్టుకొచ్చి మన్నించానని చెబుతారు. గొడవ సద్దుమణుగుతుంది. మన కుటుంబాన్ని ఓ కంట కనిపెట్టి ఉంటామని కూడా అన్నారు.

పాపాయిని దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని మొహం దీపం వైపు తిప్పి చూశారు. మెడ మీద వేళ్ళు ఆనించి, మేనత్త ఒళ్ళే వచ్చింది అన్నారు. అంత పెద్దావిడ మన పిల్లని అలా ముట్టుకుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

ఆదివారం కాగితం పట్టుకుని వస్తున్నాను. పెన్ను నేనే తెస్తాను.

అన్నయ్య

మహిళా జైలు
మే 28

అన్నయ్యకి,

పెన్ను బాగానే రాసింది.

నువ్వు నా మంచం మీద కూర్చుని, పోయేముందు అమ్మ నన్ను నీ చేతిలో పెట్టిందని ఏడిస్తే, నీ ఏడుపు చూడలేక సంతకం పెట్టాను. నీ చేత కన్నీళ్ళు పెట్టించడం కంటే దొంగననిపించుకోవడమే తేలికనిపించింది ఆ పూట.

మర్నాడు ప్లీడరు గారికి చెబితే చేతిలో కలం కింద పెట్టేశారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. ఇంత పెద్ద దొంగతనంలో సొమ్ము పోయినవాళ్ళు మన్నించినంత మాత్రాన కేసు ఆగదట. అది సర్కారు నడిపే కేసు. నేనిచ్చింది రాజీ కాగితం కాదు, నా మీద నేనే చెప్పుకున్న సాక్ష్యం. ఈ సంగతి కోర్టు గుమ్మంలో జుట్టు నెరిసిన నీకు తెలియదా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు రాయి. మిగతావేవీ రాయకపోయినా ఫరవాలేదు.

కోర్టులో హారాన్ని బల్ల మీద పెట్టారు. ఇన్నాళ్ళూ పోలీసు బీరువాలో ఉండి పాలిపోయింది. అమ్మగారు చేతిరుమాలు పట్టుకుని వచ్చి, నేను మన్నించేశాను అంది. ఎంత మంచి మనసని వెనక బెంచీల్లో గుసగుసలు. మా ప్లీడరు గారు లేచి ముత్యాలకి ఒళ్ళు కావాలన్న సంగతి మొదలుపెట్టగానే సర్కారు ప్లీడరు ఆ కాగితం తీసి చదివాడు. చదవడానికి ఎంతోసేపు పట్టలేదు. జడ్జిగారు నిజంగానే కళ్ళజోడు తీశారు. ఆ విషయంలో నువ్వు చెప్పింది ఒప్పే.

రెండేళ్ళు వేశారు. ప్లీడరు గారు అప్పీలు చేస్తామంటున్నారు. ఇక్కడ నాకు సంచులు కుట్టే పని ఇచ్చారు.

చెల్లెలు

జూన్ 10

చెల్లాయికి,

నీ ఉత్తరంలో కోపం ఉంది. ఉండాలి కూడా. ఉండకపోతే మనిషివే కాదు. అయితే కాస్త స్థిమితంగా ఆలోచించు. నువ్వు ఒప్పుకోబట్టే రెండేళ్ళతో పోయింది. బుకాయించి ఉంటే ఐదేళ్ళు వేసేవారు. నేను చూశాను అలాంటివి.

నువ్వడిగిన ప్రశ్నకి జవాబు: తెలుసు. సర్కారు కేసు రాజీ కాదని తెలుసు. కానీ అంత పెద్దావిడ స్వయంగా వచ్చి మన్నించానంటే జడ్జి మెత్తబడడా అనుకున్నాను. మంచికే చేశాను. మంచికి చేసింది చెడ్డగా మారితే చేసినవాడిదా తప్పు?

ఒక మంచి కబురు చెబుతాను, నీ మనసు కుదుటపడుతుంది. అమ్మగారు మాట నిలబెట్టుకున్నారు. పాపాయిని పనిలోకి తీసుకున్నారు. బట్టలు, అలమరలు చూసుకోవాలి. నువ్వుండే గదే ఇచ్చారు. గోడకి నువ్వు కొట్టిన మేకులు అలాగే ఉన్నాయట.

అన్నయ్య

మహిళా జైలు
జూన్ 18

అన్నయ్యా,

పిల్లని ఇంటికి తెచ్చుకో. ఈ ఉత్తరం చదివిన రోజే బయలుదేరి తెచ్చుకో. నా మీద నీకున్న ప్రేమ అంతా కలిపి ఈ ఒక్క పని చెయ్యి.

చెల్లెలు

జూలై 20

చెల్లాయికి,

నువ్వలా రాస్తావని మీ వదిన ముందే అంది. నీ చోట ఇంకొకరు కూర్చుంటే కడుపులో మండటం సహజమే. కానీ అది నీ మేనకోడలు. పరాయిది కాదు. కొన్నాళ్ళు కోపం తగ్గేదాకా ఆగుదామని వెంటనే జవాబు రాయలేదు.

పాపాయి బాగుంది. ఒళ్ళు చేసింది. హారం కోర్టు నుంచి ఇంటికొచ్చిందట. బాగా మసకబారిందని అమ్మగారు దిగులుపడితే, ఇది వేసుకుంటోంది. బొత్తాలు మెడ దాకా పెట్టుకుని లోపల వేసుకుంటుందట, ఎవరికీ కనబడకుండా. వచ్చేనెల వియ్యాలవారికి విందు ఉంది, అప్పటికి మెరుపు రావాలట. అమ్మగారు రోజూ పొద్దున్నే పిలిచి, దీపం దగ్గర పెట్టి చూసుకుంటారట.

వేసుకున్నప్పుడు ఒంటికి సబ్బు రాసుకోవచ్చా, ఏ గుడ్డతో తుడవాలి, తడిదా పొడిదా, పాపాయి నిన్ను అడగమంది. నీకు అలవాటున్న పని కదా. వివరంగా రాయి.

అన్నయ్య

మహిళా జైలు
జూలై 27

అన్నయ్యకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు కూడా ఒకసారి చదువుకుంటే బాగుండును. మార్చిలో నేను నీకు రాసినది, నువ్వు నమ్మనిది, వదిన చోద్యమన్నది, జడ్జిగారు కళ్ళజోడు తీసింది, అంతా నీ చేత్తో నువ్వే రాశావు. రాసి, సబ్బు సంగతి అడిగావు.

నిన్ను తిట్టడానికి నాకు మాటలు చాలవు. ఉన్నవి కూడా దాచుకుంటున్నాను, ఎందుకంటే నీతో పనుంది. అప్పీలులో పాపాయి వచ్చి ఒక్క ముక్క చెబితే చాలు: "హారం అమ్మగారే నా చేత వేయిస్తున్నారు." ఇంకేమీ చెప్పక్కర్లేదు. నేను బయటికి వస్తాను. ఆ పిల్ల కూడా బయటపడుతుంది. అది తనకి పొంచి ఉన్నదేమిటో తెలియని పిల్ల, నీకు తెలుసు. దాని ఉద్యోగం పోతుంది. పోనీ. నేను కుట్టు నేర్పుతాను, నా కూతురిలా చూసుకుంటాను.

అన్నయ్యా, ఇంతవరకు నేను నిన్ను ఏదీ అడగలేదు.

చెల్లెలు

ఆగస్టు 6

చెల్లాయికి,

బాగా ఆలోచించాను. కుదరదు. నువ్వెలాగూ లోపలున్నావు. రెండేళ్ళలో కొంత గడిచిపోయింది కూడా. ఒకళ్ళు మునిగితే రెండోవాళ్ళు గట్టు మీదుండి చెయ్యి ఇవ్వాలి గానీ ఇద్దరూ మునిగితే లాభమేమిటి? పాపాయికి అమ్మగారు సంబంధం కూడా చూస్తామన్నారు. వాళ్ళ ఆఫీసులో గుమాస్తా. ఇప్పుడు కోర్టుకెక్కితే ఆ పిల్ల బతుకు ఏమవుతుంది?

నీ ప్లీడరు గానీ ఇంకెవరు గానీ వచ్చి అడిగితే, నేనా హారం ముట్టుకోనే లేదని చెప్పమని పాపాయికి నేర్పాను. మూడుసార్లు అప్పజెప్పించుకున్నాను. చక్కగా చెబుతోంది. కాబట్టి ఆ ఆశ వదులుకుని ఆరోగ్యం చూసుకో.

అన్నయ్య

మహిళా జైలు
ఆగస్టు 13

అన్నయ్యకి,

వదులుకున్నాను. నీ మీద ఆశ.

ప్లీడరు గారు వచ్చినప్పుడు అంతా చెప్పాను. ఆ హారం ఈ క్షణాన ఎవరి మెడలో ఉందో కోర్టువాళ్ళే వెళ్ళి చూడాలని అర్జీ పెట్టారు. మంజూరైందట. చెప్పాపెట్టకుండా వెళతారు. పాపాయి మెడలో హారం కోర్టు మనిషి కళ్ళారా చూస్తే, ఇక అమ్మగారు ఏ రుమాలుతో ఏం తుడుచుకుంటుందో చూస్తాను. ఈ ఉత్తరం నీకు చేరేసరికి పని అయిపోతుంది. ముందే చెబితే నువ్వు వెళ్ళి చెప్పేస్తావని ఆలస్యంగా రాస్తున్నాను.

చెల్లెలు

ఆగస్టు 30

చెల్లాయ్,

తొందరలో రాస్తున్నాను, అర్థం చేసుకుని చదువుకో.

వాళ్ళు వెళ్ళేసరికి వియ్యపురాలు అక్కడే ఉందట. విందు గురించి మాట్లాడుకోవడానికి వచ్చింది. కోర్టు మనిషి పాపాయిని పిలిచి, హారం నీ దగ్గర ఉందా అని అడిగాడు. నేను నేర్పినట్టే చెప్పింది. ముట్టుకోనే లేదంది. వెంట వచ్చిన ఆడ పోలీసు బొత్తాలు విప్పింది. పాపాయి అమ్మగారి వైపు చూసిందట. ఆవిడ వియ్యపురాలి వైపు తిరిగి, "చూశారా, జాలిపడి తెచ్చి పెట్టుకున్నాను. వీళ్ళ రక్తంలోనే ఉంది" అందట.

మేనత్త నేర్పిందని, తండ్రి కావాలనే ఆ ఇంట్లో చేర్చాడని, ఇప్పుడు పోలీసులు అంటున్నారు. అబద్ధం చెప్పింది కాబట్టి బెయిలు కూడా రాలేదు. నీ మీద పెట్టిన సెక్షనే. మీ వదిన గోడకి తల కొట్టుకుంటోంది.

అమ్మగారు హారం నీ చేత ఎన్నాళ్ళుగా వేయిస్తున్నారో, ఎలా వేయిస్తారో, ఎందుకు వేయిస్తారో, లోకంలో తెలిసినదానివి నువ్వొక్కదానివే. నువ్వు బోనెక్కి చెప్పాలి. నిన్ను నమ్మలేదు, నా తప్పే. కాళ్ళు పట్టుకుంటాను. నా కూతుర్ని కాపాడు.

అన్నయ్య

మహిళా జైలు
సెప్టెంబర్ 5

అన్నయ్యకి,

ఆ మనుషుల్ని పంపించింది నేను. ఆవిడ సిగ్గుపడి నిజం చెబుతుందనుకున్నాను. సిగ్గుపడితే ఆవిడ ఏం చేస్తుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు? అయినా పంపించాను. ఆ పిల్ల మొహం కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. నిన్ను తిట్టే అర్హత కూడా నాకు లేకుండా పోయింది.

చెబుతాను. బోనెక్కి తెలిసినదంతా చెబుతాను. కానీ చెప్పడం పూర్తవగానే సర్కారు ప్లీడరు లేస్తాడు. అమ్మగారికి తెలియకుండా ఆశపడి తీశానని సంతకం పెట్టింది నువ్వే కదా అంటాడు. నేనే అనాలి. మరి అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెబుతున్నది అబద్ధమా అంటాడు. అప్పుడు చెప్పింది అంటాను. ఒక దొంగ తన మేనకోడలి కోసం మాట మార్చిందని రాసుకుంటారు. అంతటితో నా సాక్ష్యం అయిపోతుంది. మా ప్లీడరు గారిని అడిగాను, ఆయన మాట కూడా ఇదే.

ఆ కాగితం అబద్ధమని చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే. దాన్ని ఎవరు రాయించారో, దానికి బదులు నీకేం ఇస్తామన్నారో, కేసు ఆగదని తెలిసీ నా చేత ఎలా సంతకం పెట్టించావో, నువ్వు బోనెక్కి చెబితే మేమిద్దరం బయటపడతాం. నువ్వు లోపలికి వెళతావు. పింఛను పోతుంది. ఇది నేను బెదిరించడానికి రాయడం లేదు. వేరే దారి ఉంటే అదే రాసేదాన్ని.

పాపాయి నీ కూతురు. ఈసారి నేను అడగడం లేదు, అది అడుగుతోందనుకో.

చెల్లెలు

సెప్టెంబర్ 14

చెల్లాయికి అన్నయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదివి మీ వదినా నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం. ఈ వయసులో నేను లోపలికి వెళితే ఆవిడని చూసేదెవరు? నువ్వే చెప్పు.

ఇంతలో అమ్మగారు కబురు చేశారు. పిల్ల మీద ఆవిడకి కోపం లేదట. చిన్నది, తెలియక చేసిందంటున్నారు. వాళ్ళ ప్లీడరు కాగితం పంపించారు. నిన్న సబ్‌జైలుకి వెళ్ళి పాపాయి చేత సంతకం పెట్టించాను. మొదట పెట్టనంది. చదువుతానంది. కాసేపు బతిమాలాక పెట్టింది. ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుంది కదా, నీకు తగ్గలేదూ.

తీర్పయ్యాక దాన్ని మీ జైలుకే పంపుతారట, విచారించాను. నువ్వక్కడ ఉన్నావన్నదే మాకు కొండంత ధైర్యం. దానికి చీకటంటే భయం, పక్కన పడుకోబెట్టుకో. చలికి అస్సలు ఆగలేదు. వీలైతే వార్డెనమ్మని అడిగి ఇంకో దుప్పటి తీసిపెట్టు.

అన్నయ్య